బావ సీసా, బావమరిది సీసా

రెండు సీసాలూ ఒకే రకం. తెల్ల ప్లాస్టిక్, ఆకుపచ్చ మూత, మీద అంటించిన కాగితం మీద ఒక అంకె. పేరు లేదు. నర్సు వాటిని బల్ల మీద పెట్టి ఒకటి బావ వైపు, ఒకటి బావమరిది వైపు జరిపింది.

"వీటిలో సముద్రపు నాచు నుంచి తీసిన సారం ఉండొచ్చు. ఉత్త పొడి ఉండొచ్చు. ఇద్దరిదీ నాచే కావచ్చు, ఇద్దరిదీ పొడే కావచ్చు. మీకూ తెలీదు, నాకూ తెలీదు, డాక్టరుగారికీ తెలీదు."

"మరెవరికి తెలుసు?"

అడిగింది వెనక కుర్చీలో కూర్చున్న మనిషి. బావకు భార్య, బావమరిదికి అక్క. సిటీ బస్సుల్లో టికెట్ల తనిఖీ ఆమె ఉద్యోగం.

"కంప్యూటరుకి తెలుసమ్మా. చివరిదాకా అది చెప్పదు."

'నాకు తెలీదు' అనే మాట ఆమె రోజూ వినేదే. టికెట్ లేకుండా దొరికినవాళ్లు మొదట అనేది అదే. కొందరు నిజంగా తెలియకే అంటారు. ఆ కొందరి కళ్లు ఎక్కడ ఉంటాయో ఆమెకు తెలుసు. నర్సు కళ్లు సీసాల మీద ఉన్నాయి. ఆమెకు ఏమీ అర్థం కాలేదు, అది ఆమెకు నచ్చలేదు.

మూత్రంలో ఉండే సున్నం ఆక్సలేటు అనే లవణంతో కలిసి పలుకులు కడుతుందని నర్సు చెప్పింది. ఆ పలుకులు ఒకదానికొకటి అతుక్కుంటే రాయి. సముద్రపు నాచులో జిగురులాంటి పదార్థం ఒకటి ఉంది, అది పలుకుల్ని పట్టుకుని అతుక్కోనివ్వదు. గాజు గొట్టాల్లో అలా జరిగింది, ఎలుకల్లో జరిగింది. మనుషుల్లో జరుగుతుందా లేదా అన్నదే ఈ అధ్యయనం.

"అంటే ఎలకల తర్వాత మేమే అన్నమాట" అన్నాడు బావమరిది. అతను లారీ డ్రైవరు. దారిలో ఆగాల్సి వస్తుందని నీళ్లు తాగడు, అందుకే అతనికి రాళ్లు.

"ఎలకలు నీకన్నా నయంరా బామ్మర్దీ, అవి నీళ్లు తాగుతాయి" అన్నాడు బావ. అతను రొట్టెల బట్టీలో పని చేస్తాడు. ఒంట్లో నీరంతా చెమటలో పోతుంది, అందుకే అతనికీ రాళ్లు. ఇద్దరి మధ్యా తేడా ఒకటుంది. కొన్నేళ్ల కింద ఒక రాయి మూత్రం దారికి అడ్డం పడితే బావ దాన్ని నడుంనొప్పి అనుకుని మందు రాసుకుంటూ కూర్చున్నాడు. ఎడమ కిడ్నీ ఎండిపోయింది. ఇప్పుడు పని చేసేది కుడిది ఒక్కటే. అందులోనూ ఒక రాయి ఉంది.

"మీరిద్దరూ ఒకే ఇల్లా?" అని నర్సు అడిగింది.

"ఒకే వీధి" అన్నాడు బావమరిది. నర్సు రాసుకుంది. ఒకే ఇంట్లోవాళ్లని ఇద్దర్ని తీసుకోరని బయట వరుసలో ఎవరో అనగా అతను విన్నాడు. అక్క పక్కకి చూసింది. భర్తకి ఆ మాత్ర దొరకాలని ఆసుపత్రి చుట్టూ తిరిగింది ఆమే.

బావమరిది వాళ్ల మేడ మీది గదిలో ఉంటాడు. గదికి తలుపు వేరే, ఇంటి నంబరు వేరే. భోజనం మాత్రం కింద. సీసా తన దగ్గరుంటే లారీలో ఎక్కడో పోతుందని మొదటిరోజే అక్క చేతిలో పెట్టాడు.

"రోజూ నువ్వే ఇయ్యి అక్కా. చెకింగ్ చేసేదానివి, నీ చేతిలోదైతే పోదు."

అలా రెండు సీసాలూ వంటగది అలమారాలో పక్కపక్కన చేరాయి. పొద్దున ఆమె పళ్లాలతో పాటు ఒక్కో సాసరులో రెండేసి క్యాప్సూళ్లు పెట్టేది. మగవాళ్లిద్దరూ సీసాల వైపు చూసేవారు కాదు. సాసరులో ఉన్నది నోట్లో వేసుకుని నీళ్లు తాగి వెళ్లిపోయేవారు.

కొన్నాళ్లకోసారి ఒక రోజు మూత్రమంతా ఒక క్యాన్లో పట్టి ఇవ్వాలి. బావ దాన్ని గుడ్డసంచీలో పెట్టుకుని బట్టీకి తీసుకెళ్లేవాడు. బావమరిది లారీ కేబిన్లో పెట్టుకునేవాడు.

"డీజిలు క్యాను పక్కనే పెట్టా బావా. పొరపాటున ట్యాంకులో పోశాననుకో, మైలేజీ పెరుగుద్దేమో."

"పెరగదు. నీది బొట్టు బొట్టుగా వస్తుంది, స్టార్ట్ కూడా అవదు."

"తినేటప్పుడు అవసరమా ఆ మాటలు?" అంది ఆమె. ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. ఆపుకోలేదని తెలిసేలా ఆపుకున్నారు.

సాయంత్రం భర్త రాగానే ఆమె చేసే మొదటి పని అతని నీళ్ల సీసా పైకెత్తి చూడటం. నిండా ఇచ్చి పంపిన సీసా ఖాళీగా రావాలి. ఒకసారి ఖాళీగా వచ్చింది గానీ అడుగున పిండి అంటి ఉంది.

"తాగారా?"

"తాగాను."

"ఎవరు తాగింది? పిండా?"

బట్టీలో నీళ్లు తక్కువై పిండిలో పోశానని ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి అడుగు కూడా చూసేది.

నెలలు గడిచాక స్కాన్ తీశారు. డాక్టరు తెర మీద చూపించాడు. బావమరిది రాయి ఎలా ఉందో అలాగే ఉంది. బావ రాయి కొంచెం పెరిగింది.

"ఎందుకు పెరిగింది?" అంది ఆమె.

"చాలా కారణాలుంటాయమ్మా. నీళ్లు సరిపోకపోవచ్చు."

"నీళ్లు నేను చూస్తున్నాను. మాత్ర మీరు చూడాలి. ఆయనకిచ్చింది ఉత్త పొడి కాదు కదా?"

"నాకు తెలీదు."

"తెలిసినా చెప్పరు."

"తెలిసినా చెప్పను" అన్నాడు డాక్టరు. "కానీ తెలీదు."

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఆమె ఎవరి టికెట్టూ చూడలేదు. డ్యూటీలో లేదు కాబట్టి చూడక్కర్లేదు కూడా. మామూలుగానైతే చూపు అటే పోతుంది. ఇద్దరు మనుషులు, ఒకే వంట, ఒకే కుళాయి. ఒకడి రాయి ఆగింది, ఒకడిది పెరిగింది. ఆగినవాడికి రెండు కిడ్నీలున్నాయి.

మర్నాడు ఇద్దరూ వెళ్లాక రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసింది. తమ్ముడి సీసాలోంచి ఒక క్యాప్సూల్ తీసి, విప్పి ఒక గ్లాసులో పోసింది. భర్త సీసాలోది ఇంకో గ్లాసులో పోసింది. రెండు పొడులూ గోధుమరంగే. వాసన కూడా దాదాపు ఒకటే, చేపల బజారు కడిగిన నీళ్లలా. స్పూనుతో కలిపి వదిలేసింది. కాసేపటికి తమ్ముడి గ్లాసు టీ రంగుకి వచ్చింది, అడుగున ఏమీ లేదు. వేలు ముంచితే జారింది. భర్త గ్లాసులో రంగు నీళ్లలో మిగిలి, పొడి అడుగుకు చేరింది.

రాత్రి భోజనాల దగ్గర మామూలుగా అడిగినట్టు అడిగింది.

"నీళ్లలో వేస్తే అడుక్కి పోయే పిండి ఏదండీ?"

"అన్నీ పోతాయి. మొక్కజొన్నదైతే తొందరగా పోతుంది. వేణ్నీళ్లు పోస్తే చిక్కబడుతుంది. ఏం, బట్టీలో కూడా తనిఖీ మొదలెడతావా?"

"ఊరికే."

"నువ్వు ఊరికే ఏదీ అడగవు" అన్నాడు భర్త. తమ్ముడు తల ఊపి ఇంకొంచెం వడ్డించుకున్నాడు.

మరుసటి రోజు భర్త క్యాప్సూల్‌లోని పొడి మీద వేణ్నీళ్లు పోసింది. చిక్కబడింది.

తమ్ముడికి చెప్పాలని అనుకుంది. చెబితే ఇచ్చేస్తాడని తెలుసు. ఇచ్చేసి, ఆసుపత్రిలో నర్సు అడిగితే నవ్వుతూ మొత్తం చెప్పేస్తాడనీ తెలుసు. అతనికి నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పేస్తే ఇద్దర్నీ పంపేస్తారు, నాచు సీసా కూడా పోతుంది. ఇది ఒక లెక్క. ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని ఆమె పూర్తిగా వేసుకోలేదు. తమ్ముడు ఒకవేళ ఇవ్వనంటే?

మూడో రోజు పొద్దున తమ్ముడి సీసాలోవి భర్త సాసరులో పెట్టింది. భర్త సీసాలోవి తమ్ముడి సాసరులో పెట్టింది. ఇద్దరూ మింగి నీళ్లు తాగారు. ఎవరి ముఖంలోనూ మార్పు లేదు.

ఆ తర్వాత ఆమెలో ఒక మార్పు వచ్చింది. అది ఆమెకు తెలియలేదు. సాయంత్రం నీళ్ల సీసా పైకెత్తి చూడటం మానేసింది. ముందు ఒకరోజు మర్చిపోయింది, తర్వాత రోజూ మర్చిపోయింది. అసలు మాత్ర పడుతోంది కదా అన్న ధీమా. వేసవి వచ్చింది. బట్టీలో ఒక మనిషి మానేస్తే అతని వాటా పని కూడా భర్తే చేస్తున్నాడు. నీళ్ల సీసా ఉదయం వెళ్లినట్టే సాయంత్రం వచ్చేది. భర్త దాన్ని సింకులో వంచేసి లోపలికి వచ్చేవాడు.

తమ్ముడి మీద మాత్రం నిఘా పెరిగింది. నడుం పట్టుకున్నాడా, బాత్రూంలో ఎక్కువసేపున్నాడా, అన్నం సగంలో వదిలేశాడా అని చూసేది. అతని గ్లాసు ఖాళీ కాగానే నింపేది.

"ఏంటక్కా, నన్ను ముంచేస్తావా?"

"తాగు."

"బావకి పోయి."

"ఆయన తాగుతున్నారులే. నువ్వు తాగు."

బావమరిది బావ వైపు చూశాడు. "ఏదో ఉంది బావా. ఈవిడ నన్నింత ప్రేమగా చూసింది నేను పదోక్లాసు తప్పినప్పుడే. అప్పుడు నా సైకిల్ అమ్మేసి వచ్చింది."

భర్త నవ్వాడు. ఆమె నవ్వలేదు.

బట్టీ యజమాని ఫోన్ చేసినప్పుడు ఆమె బస్సులో ఉంది. మధ్యాహ్నం. ఒక కాలేజీ పిల్లవాడి పాస్ చేతిలో ఉంది. మీ ఆయన నొప్పితో మెలికలు తిరిగిపోతున్నాడు, ఆసుపత్రికి పంపుతున్నాం అన్నాడు యజమాని. పాస్ చూడకుండానే తిరిగిచ్చి తర్వాతి స్టాపులో దిగింది.

ఆమె వెళ్లేసరికి భర్త చక్రాల మంచం మీద ఉన్నాడు. బనియన్ మీద పిండి ఆరిపోయి ఉంది. ఉదయం నుంచి మూత్రం రాలేదని చెప్పాడు. చెప్పి పళ్లు బిగించాడు.

తమ్ముడు ఆమెకన్నా ముందే వచ్చాడు. లారీని గేటు బయట అడ్డంగా ఆపి వచ్చినందుకు కాపలావాడు అరుస్తున్నాడు. అతను వినిపించుకోలేదు.

డాక్టరు స్కాన్ చూసి వచ్చాడు. ఆగకుండా చెప్పాడు. "రాయి మూత్రనాళంలోకి జారి అడ్డం పడింది. ఉన్నది ఒకటే కిడ్నీ. ఒత్తిడి తీసెయ్యాలి. రెండు దారులున్నాయి. వీపులోంచి సూది వేసి కిడ్నీకి గొట్టం పెట్టొచ్చు. లేదా కింద నుంచి, మూత్రం వచ్చే దారిలోంచి గొట్టం ఎక్కించొచ్చు. రెండోదానికి ఆపరేషన్ థియేటరు కావాలి, అందులో వేరే కేసు నడుస్తోంది. సూదైతే ఇక్కడే, ఇప్పుడే."

"సూదే వెయ్యండి" అన్నాడు తమ్ముడు.

"ఒకటి తెలియాలి. ఈయన మా నాచు అధ్యయనంలో ఉన్నారు. ఆ సారం గాజు గొట్టంలో రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుంది. మనిషిలో ఎంత చేస్తుందో ఇంకా తేలలేదు. కిడ్నీలోకి సూది దింపేముందు నాకది తెలియాలి. ఇలాంటప్పుడు సీసాలో ఏముందో చెప్పమని అడిగే వీలుంది. నర్సు ఫోన్లో ఉంది."

నర్సు గోడ పక్కన నిలబడి ఫైల్లోంచి బావ సీసా అంకె చదువుతోంది. రెండుసార్లు చదివింది. విన్నది. ఫోన్ పెట్టేసింది.

"పిండి డాక్టర్. మొక్కజొన్న పిండి."

"మంచిది. ఐతే వీపు నుంచే వెళ్దాం. బోర్లా తిప్పండి."

నేను పట్టుకున్నది నిజమే అనిపించింది ఆమెకు. మొదట అదే అనిపించింది. ఆ మాట లోపల ఇంకా పూర్తి కాకముందే ఇద్దరు మనుషులు భర్తను బోర్లా తిప్పారు. ఒకతను బనియన్ పైకి లాగి వీపు మీద మందు పూస్తున్నాడు.

తమ్ముడు ఆమె పక్కనే ఉన్నాడు. చెవి దగ్గరకి వంగి మెల్లగా అన్నాడు. "పాపం బావ. ఇన్నాళ్లూ పిండి మింగాడు. బట్టీలో ఉన్నది చాలదన్నట్టు."

"డాక్టరుగారూ."

డాక్టరు చేతికి తొడుగు వేసుకుంటున్నాడు.

"ఆగండి. ఆయన తిన్నది ఆ సీసాలోవి కాదు."

డాక్టరు ఆమె వైపు తిరిగాడు.

"నేను మార్చాను. మా తమ్ముడివి ఆయనకిచ్చాను. ఆయనవి వీడికిచ్చాను."

"మీ తమ్ముడి సీసాలో ఏముందని?"

"వీడి సీసాలో నాచు ఉంది. నీళ్లలో వేసి చూశాను."

"ఇవాళ పొద్దున కూడా ఇచ్చారా?"

"ఇచ్చాను."

డాక్టరు తొడుగు విప్పేశాడు. "సూది వద్దు. రక్తం తీసి గడ్డకట్టే పరీక్షకి పంపండి. థియేటరులో ఎంతసేపు పడుతుందో కనుక్కోండి." తర్వాత ఆమెతో అన్నాడు. "ఆగాల్సి వస్తుంది. ఆగితే కిడ్నీకి మంచిది కాదు. సూది దింపి రక్తం ఆగకపోతే అంతకన్నా చెడ్డ. ఇప్పుడు చెప్పారు, అంతవరకు నయం."

భర్తను మళ్లీ వెల్లకిలా తిప్పారు. వీపుకు పూసిన మందు దుప్పటికి అంటింది. అతను అంతా విన్నాడు. ఆమె వైపు చూసి ఏదో అనబోయాడు, నొప్పి వచ్చింది, మంచం అంచు పట్టుకున్నాడు.

వరండాలో ఒక బెంచీ ఉంది. అక్కాతమ్ముళ్లు చెరో కొసన కూర్చున్నారు.

"ఎప్పట్నుంచి?"

"స్కాన్ తీసిన తర్వాత."

"నేను అన్నం తింటుంటే పిండి గురించి అడిగావు. అప్పుడా?"

"అప్పుడే."

"నన్నడిగితే ఇచ్చేవాణ్ని కాదా?"

ఆమె భర్త మంచం ఉన్న వైపు చూసింది.

"ఇస్తానో లేదో నీకు తెలీదు. అంతేగా?"

"నీకు రెండున్నాయిరా."

"ఆయనక్కూడా రెండే ఉండేవి అక్కా."

నర్సు వచ్చి వాళ్ల ముందు నిలబడింది. "ఒకే వీధి అన్నారు."

"ఒకే ఇల్లు" అంది ఆమె.

"ఇద్దర్నీ తీసేస్తారు. మీ దగ్గర తీసుకున్న శాంపిళ్లు కూడా దేనికీ పనికిరావు." కోపంగా అనలేదు. "ఒక్కటి చెప్పండి. మార్చాక ఆయనకి తేడా కనిపించిందా?"

"రాయి అడ్డం పడింది. అంతకన్నా తేడా ఏం కావాలి?"

"నాచు తింటుండగా పడింది" అంది నర్సు, తనలో తను అనుకుంటున్నట్టు.

"అంటే అది పని చెయ్యదా?"

"ఏమో. ముందే పెరిగిన రాయి జారిందేమో. నీళ్లు తాగలేదేమో. మీ ఆయనొక్కర్ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. అందుకే కదండీ అంతమందిని తీసుకున్నది."

నీళ్లు అనగానే ఆమెకు సింకు చప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రాలు సీసా వంపుతున్న చప్పుడు. వంటగదిలో నిలబడి అన్నాళ్లూ విన్నది.

తమ్ముడు లేచాడు. స్కాన్ గది ముందు వరుసలో నిలబడ్డాడు. ఆమె కూడా లేచింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు రావద్దు. నాది నేను చూసుకుంటా."

ఆమె వరండా మధ్యలో ఉండిపోయింది. ఒక పక్క థియేటరు తలుపు, ఒక పక్క స్కాన్ గది తలుపు. ఎటు చూసినా రెండోది వీపు వెనక పడుతుంది. గోడకి ఆనుకుని, మెడ తిప్పితే రెండూ కనిపించేలా నిలబడింది.

భర్తను లోపలికి తీసుకెళ్లారు. సాయంత్రం అవుతుండగా డాక్టరు బయటకి వచ్చి టోపీ తీశాడు.

"గొట్టం ఎక్కింది. సంచిలోకి మూత్రం వస్తోంది. కిడ్నీ ఎంత దెబ్బతిన్నదీ రేపు రక్తం చూస్తే తెలుస్తుంది. ఇప్పటికైతే పని చేస్తోంది."

ఆమె తల ఊపింది. బెంచీ మీద కూర్చుంది.

తమ్ముడు స్కాన్ కాగితంతో వచ్చాడు. బావ సంగతి అడిగి తెలుసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నీది?"

"ఉంది."

"పెరిగిందా?"

"ఉంది అన్నానుగా."

ముఖంలో ఏమీ దొరకలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ముఖాలు చదివిన మనిషి, సొంత తమ్ముడి ముఖం దగ్గర ఆగిపోయింది. చెప్పనివాడు దాస్తున్నాడా, శిక్షిస్తున్నాడా, లేక చెప్పడానికి ఏమీ లేదా.

లేచి మెట్ల కింద ఉన్న కొట్టుకి వెళ్లి రెండు నీళ్ల సీసాలు కొనుక్కొచ్చింది. ఒకటి అతనికిచ్చింది. పొద్దున్నుంచి అతను ఏమీ తాగలేదు, పెదవులు ఎండి ఉన్నాయి. సీసా అందుకున్నాడు. మూత తిప్పబోయి ఆగాడు. సీసాని లైటు వైపు ఎత్తి, మూత చుట్టూ వేలితో తడిమి చూశాడు.

ఆమె చూస్తూ కూర్చుంది.

"సీలు ఉందిలే" అన్నాడు తమ్ముడు. మూత తిప్పి, గడగడా సగం తాగాడు.